చలిలో దమ్ము పోయిన ఇంజిన్లు: ఖుసూర్ ఎవరిది?



పోయిన చలికాలంలో ఒకరోజు ఫజర్ నమాజ్ చదివి వచ్చి చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, ఫోన్ మోగింది. అమెరికాలోని మినియాపొలిస్ నుంచి మా భాంజా. మనకు తెల్లవారుతుంటే వాడికి ఇషా నమాజ్ అయిపోయిన వేళ. సలాం దువా అయ్యాక వాడు అన్న మొదటి మాట: "గాడీ మే దమ్మిచ్ నై మామూ."

ఆ గాడీ కథ ఇదీ. వాడి దోస్త్ ఒకడు కర్నూలు పిల్లాడు. ఇద్దరిదీ ఒకే మస్జిద్, రంజాన్‌లో ఒకే దస్తర్‌ఖాన్. ఆ దోస్త్ దగ్గర జూలైలో టర్బో ఉన్న పెట్రోల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఎండాకాలమంతా గుర్రంలా నడిచింది. డిసెంబర్ వచ్చి ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగేసరికి, పొద్దున్నే బయల్దేరితే యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగడం లేదు. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ లైటు వెలుగుతోంది. ఇరవై నిమిషాలు నడిచాక మళ్లీ మామూలుగా అయిపోతోంది. ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే "టర్బో పోయింది, మార్చాలి" అని, వాడి రెండు నెలల ఇంటి కిరాయంత లెక్క చేతికిచ్చారు.

లెక్క కన్నా నన్ను భయపెట్టింది వాడి తర్వాతి మాట. "ఉనే మేరేకు ధోకా దియా మామూ. ఖరాబ్ అని తెలిసే అంటగట్టాడు. జుమా రోజు నమాజ్ అయ్యాక నలుగురి ముందు అడిగేస్తా."

"బేటా, జుమాకు ఇంకా మూడు రోజులుంది. అప్పటిదాకా నీ జబాన్‌ను కాస్త ఆపు," అన్నాను.

మా అబ్బా లారీ మెకానిక్. ఆయన దగ్గరికి బండి వస్తే ముందు పానా పట్టేవారు కాదు. స్టూలు మీద కూర్చుని డ్రైవర్‌ను అడిగేవారు: ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఎండలోనా వానలోనా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకనా? హకీమ్ సాబ్ నబ్జ్ పట్టుకున్నట్టు ఉండేది ఆ పద్ధతి. "మర్జ్ ఒకచోట ఉంటుంది, దర్ద్ ఇంకోచోట తెలుస్తుంది" అనేవారు. మా భాంజా చెప్పినదాంట్లో అబ్బా అడిగే అసలు ప్రశ్నకు జవాబు ఉంది: చలిలో మాత్రమే. ఆ ఒక్క మాట వినగానే నాకు గుర్తొచ్చింది ఒక పాత తారీఖ్. ఇదే ఇల్జామ్, ఇదే మౌసమ్, దాదాపు ఎనభై ఏళ్ల కిందటి సంగతి. అది చెప్పాలంటే టర్బో పుట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఇంజిన్‌కు ఇంధనం ఎంత ముఖ్యమో హవా అంత ముఖ్యం. లోపలికి వెళ్లిన గాలిని బట్టే ఇంధనం కాలుతుంది, దాన్ని బట్టే దమ్ము వస్తుంది. కాలగా వచ్చిన శక్తిలో దాదాపు మూడో వంతు పొగతోపాటు సైలెన్సర్ గొట్టం గుండా వృథాగా పోతుంది. ఈ ఇస్రాఫ్ స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ బ్యూకి అనే ఇంజినీరుకు నచ్చలేదు. పోయే పొగతో ఒక చక్రం తిప్పించి, అదే ఇరుసు మీద రెండో చక్రం పెట్టి, దాంతో బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపితే? 1905లో ఈ ఆలోచనకు జర్మనీలో పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు.

ఆలోచన వచ్చినంత తొందరగా పని కాలేదు. పొగ వేడికి తట్టుకునే లోహాలు లేవు, మొదటి నమూనాలు సరిగ్గా నడవలేదు. దాదాపు ఇరవై ఏళ్లు సబర్ చేశాకే ఫలితం దక్కింది. 1920ల మధ్యలో 'ప్రాయిసెన్', 'హాన్‌సెస్టాట్ డాన్‌జిగ్' అనే రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల డీజిల్ ఇంజిన్లకు ఆయన టర్బోలు అమర్చారు. 1,750 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ 2,500 ఇచ్చింది. బిడారాలో అదే ఒంటె, మోసే బరువు మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు.

ఈలోగా టర్బో ఇంకో దారి పట్టింది, ఆకాశం దారి. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజిన్‌కు ఊపిరి ఆడదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌కు చెందిన ఓగస్ట్ రాటో విమానాల ఇంజిన్లకు టర్బో పెట్టి చూశాడు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీరు శాన్‌ఫోర్డ్ మాస్ 1918లో లిబర్టీ అనే విమాన ఇంజిన్‌ను లారీ మీద కట్టుకుని కొలరాడోలోని పైక్స్ పీక్ కొండ మీదికి తీసుకెళ్లాడు. దాని ఎత్తు 14,000 అడుగుల పైమాటే. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ ఆ కొండ మీద 230కి పడిపోయింది. టర్బో తగిలించగానే 356కు లేచింది. బల్ల మీద కూర్చుని వాదించుకోకుండా, కష్టం ఎక్కడ వస్తుందో అక్కడికే యంత్రాన్ని మోసుకెళ్లి పరీక్షించాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మా భాంజా కథలో మళ్లీ పని పడుతుంది.

రెండేళ్లకు, 1920 ఫిబ్రవరి 27న, మేజర్ రుడాల్ఫ్ ష్రోడర్ టర్బో బిగించిన విమానంలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ మీద 33,000 అడుగులు దాటి వెళ్లాడు. ఇంజిన్ దమ్ము తగ్గలేదు, మనిషి దమ్మే తగ్గింది. ఆక్సిజన్ అందలేదు. కళ్లద్దాలు పైకెత్తగానే ఆ చలికి కళ్లు గడ్డకట్టాయి. స్పృహ తప్పింది, విమానం వేల అడుగులు కిందికి జారింది. నేల దగ్గరపడ్డాక తెలివి వచ్చి, సరిగా కనిపించని కళ్లతోనే దించాడు. టర్బో గాలి సమస్యను తీర్చింది కానీ చలి సమస్యను ఇంకా తీర్చలేదని ఆ రోజే తెలిసింది.

ఆ హిసాబ్ రెండో ప్రపంచ యుద్ధంలో తేలింది. అమెరికా వాళ్ల దగ్గర పీ-38 లైట్నింగ్ అనే యుద్ధ విమానం ఉండేది. రెండు ఇంజిన్లు, రెండు టర్బోలు. కాలిఫోర్నియా ఎండల్లో, బర్బ్యాంక్‌లోని లాక్‌హీడ్ కార్ఖానాలో పుట్టింది. 1943 అక్టోబర్‌లో ఇంగ్లాండ్ నుంచి జర్మనీ మీదికి బాంబర్లకు కాపలాగా వెళ్లడం మొదలుపెట్టింది. చలికాలం, ముప్పై వేల అడుగుల దగ్గర. ఇంజిన్లు ఒక్కొక్కటిగా మొండికేశాయి. శత్రువు తూటా తగలకుండానే ఒక ఇంజిన్ ఆగిపోయి వెనక్కి తిరిగిన పైలట్లు ఎందరో.

ఇల్జామ్ ఎవరి మీద పడింది? కొందరు ఎలిసన్ ఇంజిన్ ఖరాబ్ అన్నారు, కొందరు టర్బో ఖరాబ్ అన్నారు, కొందరు పైలట్లకు నడపడం రాదన్నారు. నిదానంగా చూస్తే కారణాలు చలి చుట్టూ తిరిగాయి. టర్బో గాలిని నొక్కినప్పుడు అది వేడెక్కుతుంది. ఆ వేడి తగ్గించడానికి ఇంటర్‌కూలర్ ఉంటుంది. కొత్తగా వచ్చిన జే మోడల్‌లో ఇంటర్‌కూలర్‌ను రెక్కల అంచు నుంచి ఇంజిన్ గడ్డం కిందికి మార్చి, బాగా చల్లబరిచేలా చేశారు. నిదానంగా వెళ్లే వేళ అదే శాపమైంది. గాలి మరీ చల్లబడితే పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, అందులో కలిపిన సీసం మందు వేరుపడుతుంది. అలాంటప్పుడు శత్రువు కనిపించి పైలట్ ఒక్కసారిగా దమ్ము అడిగితే, ఇంజిన్ దడదడలాడి చేతులెత్తేసేది. దీనికి తోడు టర్బోను అదుపు చేసే పరికరాలు, సన్నని గొట్టాలు ఆ చలికి తట్టుకోలేకపోయాయి. చమురు చిక్కబడేది, గొట్టాల్లో చేరిన తేమ మంచుగా మారేది.

అదే విమానం పసిఫిక్ సముద్రం మీద, వెచ్చని గాలిలో, ఇంకాస్త తక్కువ ఎత్తులో ఏం చేసింది? అమెరికా వాయుసేనలో ఎక్కువ విమానాలు కూల్చిన రిచర్డ్ బాంగ్ తన నలభై విజయాలూ పీ-38లోనే సాధించాడు. ఒకచోట బద్నామ్, ఇంకోచోట హీరో. యంత్రం అదే, మౌసమ్ వేరు. అయినా ఇంగ్లాండ్‌లో దానిమీద పడిన మచ్చ పోలేదు. 1944 ముగిసేలోపే అక్కడి దళాలు పీ-51 విమానానికి మారిపోయాయి.

బీ-17 బాంబర్లదీ ఇలాంటి ముచ్చటే. వాటి నాలుగు టర్బోల అదుపు మొదట్లో చమురు ఒత్తిడితో నడిచేది. ఎత్తులో చమురు గడ్డకట్టకుండా పైలట్లు ఆ లీవర్లను అప్పుడప్పుడు ముందుకూ వెనక్కీ కదుపుతూ ఉండాల్సి వచ్చేది. నమాజ్‌లో ఎక్కువసేపు కూర్చుంటే తిమ్మిరెక్కిన కాలును కదుపుకున్నట్టు. తర్వాత హనీవెల్ కంపెనీ కరెంటుతో పనిచేసే అదుపు పరికరం తెచ్చింది. ఒకే మీట తిప్పితే నాలుగు టర్బోలూ మాట వినేవి. ఇక్కడ ఒక బారీక్ విషయం చూడండి. మార్చింది టర్బోను కాదు, దాన్ని అదుపు చేసే చేతిని. అప్పట్లో ఆ హనీవెల్ కంపెనీ ఊరు ఏదో తెలుసా? మా భాంజా కారు మొండికేసిన ఊరే, మినియాపొలిస్.

యుద్ధం అయ్యాక టర్బో కార్లలోకి దిగింది. 1962లో అమెరికాలో రెండు కార్లు వచ్చాయి: షెవ్రొలే కోర్వెయిర్ మోన్జా స్పైడర్, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్. జెట్‌ఫైర్ కథలో మనకు పనికొచ్చే సబక్ ఉంది. టర్బో ఒత్తిడికి ఇంజిన్ కొట్టుకోకుండా నీళ్లు, మెథనాల్ కలిపిన ఒక ద్రవాన్ని చిన్న ట్యాంకులో పోసుకోవాలి. చాలామంది పోయడం మరిచిపోయేవారు. ట్యాంకు ఖాళీ అయితే ఇంజిన్‌ను కాపాడటానికి ఒక కవాటం తనంతట తనే టర్బో దమ్మును తగ్గించేసేది. యజమానికి మాత్రం బండి చచ్చుబడినట్టు అనిపించేది. చివరికి కంపెనీయే చాలా బండ్ల నుంచి టర్బో తీసేసి మామూలు కార్బురేటర్ బిగించింది. ఇక్కడా టర్బో బేఖుసూర్, ఖాళీ అయింది సీసా.

తర్వాత 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో వచ్చింది. 1978 నాటికి మంచు దేశమైన స్వీడన్‌లో సాబ్ 99 టర్బో రోడ్లెక్కింది. అదే ఏడాది మెర్సిడెస్ 300 ఎస్‌డీతో టర్బో డీజిల్ కార్లు మొదలయ్యాయి. మన దేశంలో ఈరోజు రోడ్డు మీద కనిపించే డీజిల్ కార్లు దాదాపు అన్నీ టర్బోవే, పెట్రోల్‌లోనూ చాలా వచ్చేశాయి. అంటే బ్యూకి కల ఇప్పుడు మన గల్లీలో నిలబడి ఉంది.

ఈ తారీఖ్ అంతా మా భాంజాకు చెప్పలేదు. చెప్పింది దాని సారం. చల్లని గాలి బరువైనది. ముప్పై డిగ్రీల గాలి కన్నా సున్నా డిగ్రీల గాలి పదకొండు శాతం దాకా చిక్కగా ఉంటుంది. కాబట్టి తందురుస్తీగా ఉన్న టర్బో కారు చలిలో నీరసపడకూడదు. మొదటి రెండు మూడు నిమిషాలు కంప్యూటర్ కాస్త లాగిపట్టడం మామూలే, చమురు పలచబడాలి కదా. కానీ ఇరవై నిమిషాలు మొండికేసి లైటు వెలిగించిందంటే ఎక్కడో మర్జ్ ఉంది. అది ఎక్కడుందో వరసగా అడుగుతూ వెళ్లాలి.

మొదట లైటు ఏం చెబుతోందో చదవాలి. చిన్న స్కానర్ పెడితే ఇంజిన్ కంప్యూటర్ ఇచ్చే గవాహి దొరుకుతుంది. టర్బో ఒత్తిడి ఎంత కావాలని అడిగింది, ఎంత అందింది. రెండూ సమానంగా ఉండి బండి లాగకపోతే తప్పు గాలిలో లేదు, ఇంధనంలోనో స్పార్క్ ప్లగ్గులోనో వెతకాలి. డీజిల్ బండి అయితే ముందు అనుమానించాల్సింది డీజిల్‌నే. గట్టి చలికి అందులోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. హైదరాబాద్‌లో ట్యాంకు నింపుకుని జనవరిలో లద్దాఖ్ వైపు వెళ్లేవారికి ఈ కష్టం రావచ్చు. ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం సున్నా కింద 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్ తెచ్చింది ఇందుకే. చలి ప్రాంతానికి చేరాక అక్కడి డీజిల్ పోయించుకోవాలి.

అడిగినంత ఒత్తిడి అందకపోతే గాలి దారి వెంట నడవాలి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే గొట్టాలు, వాటి క్లిప్పులు, రబ్బరు సీళ్లు. చలికి రబ్బరు బిగుసుకుని ముడుచుకుంటుంది, సందు తెరుచుకుంటుంది. వేడెక్కాక మళ్లీ వ్యాకోచించి మూసుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుస్సుమని శబ్దం, అతుకు దగ్గర నూనె తడి దాని అలామత్‌లు. తర్వాత టర్బోను అదుపు చేసే సన్నని గొట్టాలు, సెన్సర్లు. వాటిలో తేమ చేరి గడ్డకడితే, పీ-38కు జరిగినట్టే, టర్బో బాగున్నా హుకుం అందదు. ఇంటర్‌కూలర్ అడుగున నీళ్లు నిలిచి గడ్డకట్టాయేమో కూడా చూడాలి.

అన్నీ అయ్యాకే టర్బో వంతు. టర్బో నిజంగా అరిగితే ఇరుసు ఊగుతుంది, ఈల వేస్తుంది, నీలం పొగ వస్తుంది, చమురు తాగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అరిగిన ఇరుసు ఇరవై నిమిషాల్లో బాగైపోదు. మా భాంజా కారు బాగవుతోంది. అంటే టర్బో మీద ఇల్జామ్ నిలవదు.

"మరి వర్క్‌షాప్ వాళ్లు గొట్టాలు కూడా చూశామన్నారు కదా మామూ?"

"కారు ఎక్కడ పెట్టి చూశారు?"

కాసేపు జవాబు లేదు. తర్వాత అన్నాడు, "రాత్రంతా హీటర్ ఉన్న షెడ్డులోనే ఉంది."

అదీ సంగతి. చలిలో వచ్చే మర్జ్‌ను వెచ్చని గదిలో వెతికారు. శాన్‌ఫోర్డ్ మాస్ ఇంజిన్‌ను కొండ మీదికి ఎందుకు మోసుకెళ్లాడో మళ్లీ గుర్తు తెచ్చుకోండి.

నేను రెండు మాటలు చెప్పాను. ఒకటి, కారును రాత్రంతా బయట మంచులో ఉంచి, పొద్దున్నే ఇంజిన్ వేడెక్కకముందే గొట్టాల్లోకి పొగ ఎక్కించి లీకు చూపించే మెకానిక్ ఎవరైనా ఉంటే పిలిపించు. రెండోది వాడికి కష్టమైన మాట. "నీ దోస్త్‌కు ఫోన్ చెయ్. నిలదీయడానికి కాదు, మదద్ అడగడానికి. ఈ కారుతో నీకు చలికాలం ఎలా గడిచిందని అడుగు."

అడిగాడు. ఆ పిల్లాడు చెప్పాడు: "నా దగ్గర చలికాలమే గడవలేదు భాయ్. నేను కొన్నది ఏప్రిల్‌లో, నీకు ఇచ్చింది జూలైలో." కారును మూడు నెలలు, అదీ ఎండలోనే వాడినవాడికి దాని చలికాలపు మిజాజ్ ఎలా తెలుస్తుంది? కాలిఫోర్నియాలో పుట్టిన విమానం జర్మనీ మీద ఏం చేస్తుందో తెలియనట్టే. అంతటితో ఊరుకోలేదు ఆ దోస్త్. గురువారం పొద్దున ఫజర్ తర్వాత, వేళ్లు కొంకర్లు పోయే చలిలో టార్చ్ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. పొగ ఎక్కించగానే టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే గొట్టం అతుకు దగ్గర సన్నగా తెల్లని తీగ లేచింది. గట్టిపడి చిట్లిన ఒక రబ్బరు సీలు. సీలు, క్లిప్పు, కూలీ అన్నీ కలిపినా ఇద్దరు బయట తిన్నంత ఖర్చు కాలేదు.

జుమా రోజు ఇద్దరూ అదే కారులో మస్జిద్‌కు వెళ్లారు. ఆ రాత్రి భాంజా మళ్లీ ఫోన్ చేశాడు. గొంతులో బరువుంది. "మామూ, నేను వాడి గురించి ఏమేం అనుకున్నానో వాడికి చెప్పేసి మాఫీ అడగనా?"

నాకూ వెంటనే జవాబు దొరకలేదు. కాసేపు ఆగి అన్నాను: "నువ్వు ఎవరి ముందూ నోరు జారలేదు. దిల్‌లో ఉన్నదాన్ని బయటపెట్టి వాడి దిల్ నొప్పించకు. మాఫీ అల్లాహ్‌ను అడుగు, వాడికోసం దువా చెయ్."

ఖబర్ వస్తే తహ్ఖీఖ్ చేసుకోమని, గుమాన్‌కు దూరంగా ఉండమని సూరా హుజురాత్ మనకు నేర్పుతుంది. మనం దాన్ని మనుషుల విషయంలోనే చదువుతాం. మా అబ్బా యంత్రాల విషయంలోనూ పాటించారు. స్టూలు మీద కూర్చుని ఆయన అడిగిన ప్రశ్నలు ఎన్నో బండ్లను, వాటితోపాటు ఎందరో డ్రైవర్ల ఇజ్జత్‌ను కాపాడాయి. డ్రైవర్ డీజిల్ దొంగిలించాడని, బండి పాడుచేశాడని యజమాని కేకలు వేస్తున్న వేళ, చిట్లిన గొట్టం ముక్క చేతిలో పెట్టి "ఇదిగో సాబ్ మీ దొంగ" అనేవారు.

చలికాలం మళ్లీ వస్తుంది. మీ పిల్లలు, దామాద్‌లు చలి దేశాల్లో ఉంటే ఈ నాలుగు మాటలు వాళ్ల చెవిన వేయండి. పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేయగానే గట్టిగా తొక్కొద్దు, చమురు వేడెక్కనివ్వండి. చలికి ముందే గొట్టాలు, క్లిప్పులు, ఫిల్టర్లు చూపించండి. బండి దమ్ము తగ్గితే ఏది మార్చాలని కాదు, ఎప్పుడు తగ్గుతోందని ముందు అడగండి.

బండి ఆగితే తోసుకుంటూ తీసుకెళ్లవచ్చు. దోస్తీ ఆగితే తోయడానికి ఎవరూ రారు.

వస్సలామ్.